తెల్లగుడ్డ వరస

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి కోడలు సుప్రియను అత్త ఆదిశేషమ్మ మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేను, నీ మొగుడు పెంచల్, గేదె, దాని దూడ అందరం క్షేమంగా ఉన్నాం. అక్కడ హైదరాబాదులో నువ్వు వేళకు తింటూ, కళ్లు తుడుచుకుని, క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను. మన వంగతోట సంగతి రెండు ముక్కల్లో తేలేది కాదు, కింద వివరంగా రాస్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నా. ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా మీ మేడం గది వైపు అడుగు వేశావంటే నా మీద ఒట్టు.

ఏడో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, నవ్వుకుంటే నవ్వుకో. పెంచల్ చేత రాయించలేదు. ఎందుకు రాయించలేదో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. నా మోకాలు బాగానే ఉంది. నువ్వు పంపిన పట్టీ ఇంట్లో వేసుకుంటున్నాను, బయటికి పోయేటప్పుడు తీసేస్తున్నాను. అది వేసుకుని పోతే ఆటల పోటీలకు పోతున్నావా అని అడుగుతున్నారు. గేదె పోయిన మంగళవారం ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు బుచ్చిరెడ్డిపాలెం మీ అమ్మావాళ్లకు పంపించాను. మీ నాన్నగారు ఫోన్ చేసి, జున్నులో మిరియాలు తక్కువయ్యాయి వదినగారూ అన్నారు. నేను పంపింది పాలు, మిరియాలు వేసుకోవాల్సింది వాళ్లు. ఆ మాట నోటిదాకా వచ్చింది, వియ్యంకుడు కదా అని మింగేశాను. మొన్న శ్రీహరికోటలో రాకెట్ పోయినప్పుడు ఎప్పటిలాగే వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. దూడకు అదే మొదటిసారి, బెదిరిపోయి నా చీర కుచ్చిళ్లలో దూరింది. దాన్ని ఊరడించేసరికి పొయ్యి మీద పప్పు మాడింది.

పెంచల్ నీ మీద కోపంగా ఉన్నాడా అని అడిగావు. కోపం కాదు, బెంగ. చేపల పులుసు పెడితే సుప్రియకిష్టం అంటాడు, గోరుచిక్కుడు వేపుడు చేస్తే సుప్రియకిష్టం అంటాడు. నీకిష్టం లేనివేమిటో ఒక కాగితం మీద రాసి పంపు, ఇకనుంచి అవే వండుతాను, కనీసం ప్రశాంతంగా తింటాం.

పెప్టైడ్ అంటే ఏమిటని పక్కింటి మస్తానమ్మ అడిగితే ఏం చెప్పారు అని అడిగావు కదా. నువ్వు నాకు చెప్పినట్టే చెప్పాను. మొక్క ఒంట్లోనే చిన్న చిన్న తునకలు తయారవుతాయి, పది పదిహేను పూసలు గుచ్చినంత పొట్టివి. ఒక కణం తయారుచేసి పక్క కణానికి అందిస్తుంది. వేరు కొన దాన్ని అందుకుని, ఇంకా కిందికి దిగాలా, ఆగాలా, పక్కకో వేరు వెయ్యాలా అని తేల్చుకుంటుంది. దిగమనేవి కొన్ని, ఆగమనేవి కొన్ని. మా కోడలు దిగమని చెప్పేదాన్ని వేలెడంత సీసాలో తెచ్చి, బకెట్ నీళ్లలో కలిపి, వంగనారు వేళ్లను గంటసేపు అందులో ముంచి నాటింది అని చెప్పాను. మస్తానమ్మ మేకల్ని అదిలిస్తూ అంతా వింది. “చెవుల్లేని దానికి మాట చెప్పి వినిపిచ్చిందా నీ కోడలు! మా ఆయనకి రెండు చెవులుండాయి ఆదిశేషమ్మా, ముప్పై ఏళ్ల నుంచి చెప్తుండా, ఒక్కటీ వినపళ్లా” అంది. కంచెకు ఇటు నేను, అటు అది, పొట్ట పట్టుకుని నవ్వాం.

నేను దాన్ని మందు అన్నప్పుడల్లా నువ్వు “మందు కాదు అత్తమ్మా, మొక్కకు తెలిసిన మాటే” అని దిద్దేదానివి. ఇంకాస్త ఎక్కువ కలిపితే వేరు ఇంకాస్త దిగుతుంది కదా అంటే, మోతాదు మించితే ఉన్న వేరు కూడా ఎదగడం మానేస్తుందని చెప్పావు. ఉప్పు గురించి మీ అమ్మగారికి కూడా ఈ మాట ఒకసారి చెప్పు. తమాషాకి అన్నాలే, ఆవిడతో అనకు.

నువ్వు ఈ పని ఎందుకు ఎత్తుకున్నావో నాకు తెలుసు. మనది ఇసకనేల. ఇసకలో తవ్విన దొరువులోకి దిగి నీళ్లు ముంచి, చేతికొక బిందె మోసుకొచ్చి, మొక్క మొక్కకూ పోయాలి. మోటారు పెట్టి లాగితే కింది ఉప్పునీళ్లు పైకొస్తాయి. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి పైన కనపడవు, కానీ చెయ్యి మోచేతిదాకా దింపితే కింద ఎప్పుడూ చెమ్మే. బురదలో వరి నాటే ఊరి పిల్లవు, పెళ్లయిన మొదటి ఎండాకాలం ఆ చెమ్మను వేళ్లతో తాకి ఆశ్చర్యపోయావు. “వేరు ఇక్కడిదాకా వస్తే మీరు మొయ్యక్కర్లేదు కదా అత్తమ్మా” అన్నావు. ఆ పూటే నా భుజానికి నూనె కాచి రాశావు. నీ పరిశోధనకు వంగ వేళ్లు ఎంచుకోవడానికి నా భుజమే కారణమని తర్వాత పెంచల్ చెప్పాడు, నువ్వు చెప్పలేదు. కడుపున ఆడపిల్ల పుట్టలేదన్న దిగులు నాకు ఆ రోజుతో పోయింది.

అందుకే కుండీల్లో గెలిచాక, నేలలో చూడడానికి మన తోటకే తెచ్చావు. నలభై మొక్కలు గుర్తుకు ఎర్రగుడ్డ కట్టిన వరస, వాటికి పెప్టైడ్. నలభై మొక్కలు తెల్లగుడ్డ కట్టిన వరస, వాటికి ఉత్త నీళ్లు. మూడు వారాలు రెండింటికీ సమంగా నీళ్లు పోయాలి, తర్వాత పది రోజులు రెండింటికీ చుక్క కూడా పోయకూడదు, పెంచల్ రోజూ పొద్దున ఫోటోలు తీసి పంపాలి. ఇదీ నువ్వు చెప్పివెళ్లిన పద్ధతి. పది రోజులయ్యాక చూస్తే రెండు వరసలూ ఒకేలా పచ్చగా ఉన్నాయి. పెంచల్ రెంటిలోనూ నాలుగేసి మొక్కలు పీకాడు, వేళ్లు సగానికి తెగి వచ్చాయి, అవి లెక్కకు రావన్నావు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. “ఫోన్లో అయితే ఏడుస్తాను అత్తమ్మా, అందుకే రాస్తున్నా” అన్నావు. కుండీలో పనిచేసింది నేలలో పనిచెయ్యలేదు, ఇరవయ్యో తేదీన మా గైడ్ మేడం దగ్గరికి వెళ్లి ఈ పెప్టైడ్ పని మొత్తం వదిలేస్తున్నానని చెప్పేస్తాను, రెండేళ్లు పోయినట్టే, కొత్తది మొదలుపెట్టే ఓపిక లేదు, చదువు మానేసి వచ్చేస్తానేమో అని రాశావు. అక్కడక్కడా సిరా కరిగి ఉంది. చివర్న ఒక్క ప్రశ్న అడిగావు. “తప్పు ఎక్కడ జరిగిందంటారు అత్తమ్మా?”

తప్పు నా దగ్గర జరిగింది తల్లీ. తెల్లగుడ్డ వరసకు నేను నీళ్లు పోశాను.

నీళ్లు ఆపిన మూడో రోజు మధ్యాహ్నానికి తెల్లగుడ్డ వరస ఆకులు వేలాడేసింది. పక్కనే ఎర్రగుడ్డ వరస నిటారుగా నిలబడి ఉంది. నువ్వైతే అది చూసి గంతులేసేదానివి. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. మా అమ్మ నాకు వడ్డన నేర్పినప్పుడు మొట్టమొదట చెప్పింది ఒకటే. పంక్తిలో కూర్చున్నవాళ్లకు వలపక్షం చూపకూడదు, ఒక విస్తట్లో నెయ్యి వేసి పక్క విస్తరి దాటిపోకూడదు అని. ఎర్రవాటికి నువ్వు ఏదో పెట్టావు, తెల్లవాటికి ఏమీ పెట్టలేదు, కనీసం నీళ్లైనా పోద్దామనిపించింది. సాయంత్రం పెంచల్ పాలు పోయడానికి పోగానే రెండు బిందెలు ముంచి, చెంబుతో పాదు పాదుకూ పోశాను. మర్నాడూ పోశాను. అలా ఎనిమిది సాయంత్రాలు. నాకు నేను చెప్పుకున్న సాకు కూడా విను. ఎర్రవాటిని ముట్టుకోలేదు కదా, సుప్రియ పనికి నేను అడ్డం రాలేదు కదా అనుకున్నాను! తెల్లవి వాడితేనే ఎర్రవి నిలిచినట్టు తెలుస్తుందని, తెల్లవాటిని నువ్వు నాటిందే అందుకని నీ ఉత్తరం చదివేదాకా నా బుర్రకెక్కలేదు.

ఇంకొకటి కూడా ఉంది. తెల్లగుడ్డ వరసలో చివరి ఆరు మొక్కలు మస్తానమ్మ వాకిట్లోంచి కనపడతాయి. దాని కంట పడితే పెంచల్‌కు చేరుతుందని భయపడి ఆ ఆరింటికీ పోయలేదు. ఏడో రోజుకు ఆ ఆరూ ఎండిపోయాయి. వాటిని పీకి పారేసి, మస్తానమ్మ మేక తినేసిందని పెంచల్‌తో చెప్పాను. వాడు నువ్విచ్చిన పుస్తకంలో “ఆరు, మేక” అని రాశాడు. నువ్వు కూడా అలాగే రాసుకుని ఉంటావు. దాన్ని కొట్టేసి, “ఆరు, నీళ్లు లేక” అని దిద్దుకో. నీ పెప్టైడ్ పనిచేసిందని మొదట చెప్పినవి ఆ ఆరే.

నీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నా భుజం చూసి నువ్వు మొదలుపెట్టిన పనిని నా చేతులతోనే పాడుచేశాను. ఫోన్ తీసుకున్నాను, నీ పేరు కనపడగానే పెట్టేశాను. నోటితో చెబితే నువ్వు “పర్లేదులే అత్తమ్మా” అంటావు, నేను హమ్మయ్య అనుకుంటాను, అక్కడితో సరి. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క అని నువ్వే కదా అంటావు. అందుకే రాశాను. కానీ ఉత్త తప్పు ఒక్కటే రాసి పంపితే ఏం లాభం, దాన్ని సరిదిద్దే దారి ఏదైనా ఉందా అని ముందు చూశాను.

మొదట మస్తానమ్మ ఇంటికిపోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అది మేకకు ఆకు వేస్తున్నది వేస్తున్నట్టే ఆగిపోయింది.

“నా మేక మీద చెప్పినావా? అదా సంగతి! నీ కొడుకు పది రోజుల నుంచి దాన్ని దొంగని చూసినట్టు చూస్తుండాడు, ఎందుకబ్బా అనుకుంటుండా.”

“తప్పైపోయింది మస్తానమ్మా. మళ్లీ ఎండబెట్టి చూస్తా.”

“నువ్వా? నీ చేతుల్లో బిందెలుండగా అయ్యే పనేనా అది? ఇట్టా తే.”

రెండు బిందెలూ, చెంబూ పట్టుకుపోయి వాళ్లింట్లో పెట్టుకుంది. అయినా నన్ను నేను నమ్మలేక, పెట్టె సర్దుకుని మనుబోలు మహాలక్ష్మి అక్క ఇంటికి పోయాను. తోటకు నీళ్లు పెట్టొద్దని సుప్రియ చెప్పిందని పెంచల్‌తో అబద్ధమాడాను, అది కూడా రాసుకో. తొమ్మిది రోజులు అక్క ఇంట్లో ఉన్నాను. నాలుగో రోజు తూర్పున మబ్బు పట్టి ఉరిమింది. వాకిట్లో నిలబడి, ఈ వారం వాన కురిపించొద్దు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అలా మొక్కుకోవడం ఇదే మొదటిసారి.

“వాన వద్దంటుండావా? సేద్యం చేసేదానివి నువ్వు! నీకేమన్నా పిచ్చి పట్టిందా ఆదీ?” అని అక్క నా నుదురు పట్టి చూసింది. జ్వరం లేదని తేలాక కషాయం మాత్రం తాగించింది. వాన రాలేదు.

తిరిగొచ్చి బస్సు దిగి, ఇంట్లోకి కూడా పోకుండా పెట్టెతోనే తోటకు పోయాను. రెండు వరసలూ వాడి ఉంటే నా తప్పు చెప్పుకున్నా నీకు ఒరిగేది లేదు. కంచె దాటి చూశాను సుప్రియా. తెల్లగుడ్డ వరసలో మిగిలిన ముప్పైలో ఇరవై ఏడు నేలకు వాలిపోయాయి. ఎర్రగుడ్డ వరసలో ముప్పై ఆరుకు ముప్పై మూడు నిలబడి ఉన్నాయి, రెండింటికి ఊదారంగు పువ్వు కూడా విచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టాను. ఎవరూ లేరని చూసుకుని, ఈ వయసులో, ఈ మోకాలితో, ఒక్క గెంతు గెంతాను.

తర్వాత వేళ్లు చూశాను. ఇసకలో మొక్కను పీకితే వేరు తెగుతుంది, అది పెంచల్‌కు తెలియదు. పక్కనే నడుములోతు గుంత తీసి, గుంత లోపలి నుంచి నీళ్లు చల్లుతూ ఇసకను కొంచెం కొంచెంగా జార్చాలి. దొరువు తవ్వేటప్పుడు గట్టు మీది చెట్ల వేళ్లు అలాగే బయటపడతాయి, చిన్నప్పటి నుంచి చూస్తున్నా. మస్తానమ్మ దగ్గర చెంబు అడిగి తెచ్చుకుని అలాగే చేశాను. తెల్లగుడ్డ మొక్క వేరు జానెడు కూడా లేదు, నేను నీళ్లు పోసిన చోటే గుబురుగా చుట్టుకుని ఉంది. ఎర్రగుడ్డ మొక్క వేరు దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. మూర దాటాక చెమ్మ తగిలింది, ఆ చెమ్మలో సన్నటి తెల్లటి పిల్లవేళ్లు ఎన్నో! నా చెయ్యి దిగే లోతుకు అది తనంతట తానే దిగింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ సమయానికి పెంచల్ వచ్చాడు. “ఏందిమా, ఊరి నుంచి వచ్చి గుంతలో కూర్చోనుండావు?”

“ఇది తెల్లగుడ్డది, ఇది ఎర్రగుడ్డది. చూడు” అని రెండూ పైకి అందించాను.

వాడు రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూశాడు. “మరి పోయిన తూరి ఎందుకు ఒకేలాగుండినాయి?”

“పోయిన తూరి తెల్లవాటికి నేను నీళ్లు పోసినాను రా.”

వాడు గట్టు మీద కూలబడ్డాడు. “ఆ పిల్ల పదిహేను రోజుల నుంచి సరిగ్గా అన్నం తినలామా” అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది, ఆ మాట నాకు ఎక్కువ తగిలింది. తర్వాత లేచి ఇంట్లోంచి టేపు తెచ్చాడు. వరసకు ఐదేసి మొక్కలు అలాగే తవ్వి కొలిచాం. తెల్లగుడ్డవి సగటున పదహారు సెంటీమీటర్లు, ఎర్రగుడ్డవి యాభై ఒకటి. పెంచల్ ఆ అంకెలు రాసి, పుస్తకం ఇసకలో పడేసి, “గెలిచిందిమా సుప్రియ, గెలిచింది!” అని కేకలు పెట్టాడు. ఆ కేకలకు మస్తానమ్మ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది, దాని వెనకే మేకలూ వచ్చాయి. మేం మాటల్లో ఉండగా మిగిలిన తెల్లగుడ్డ వరసంతా నిజంగానే మేసేశాయి. కొలవడం అప్పటికే అయిపోయింది, కంగారు పడకు. ఈసారి “మేక” అనే రాశాం.

ఈ అంకెలు కూడా లెక్కకు రావని నువ్వు అంటావు, నాకు తెలుసు. మధ్యలో ఎనిమిది రోజులు నీళ్లు తాగి పైపైనే వేళ్లేసిన మొక్కలు ఎండకు ఆగకపోవడం వింతేమీ కాదు, ఆ వాలిపోవడంలో నా నీళ్ల పాలెంతో, నీ పెప్టైడ్ పాలెంతో విడదీయలేం. నిజమే. అందుకే కొత్తగా వంగనారు పోశాను, నెలకు నాటడానికి వస్తుంది. ఈసారి వరసకు వంద నాటుకో. ఎండబెట్టే పది రోజులూ నేను మనుబోలులో ఉంటాను, అక్కతో మాట్లాడేశాను. నువ్వు మీ మేడంకి చెప్పాల్సింది వదిలేస్తున్నానని కాదు, మళ్లీ చేస్తున్నానని.

నీ పరిశోధన పుస్తకంలో అత్తకు కృతజ్ఞతలు అని నా పేరు వెయ్యకు. ఈ తప్పు రాసేచోట వెయ్యి. ఫలానా ఆదిశేషమ్మ, ఫలానా వరసకు, ఎనిమిది సాయంత్రాలు నీళ్లు పోసింది అని పేరు పెట్టి రాయి. నేను సిగ్గుపడను. మీ మేడం నమ్మకపోతే, నా నోటితో నేనే చెబుతాను.

ఎలా చెబుతారు అంటావేమో. పెంచల్ ఈ ఉత్తరం నీ చేతికిచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడతాడు, నేను అలా నిలబడమన్నాను. రేపు గూడూరులో రైలెక్కేది వాడొక్కడే కాదు. నువ్వు ఇది చదివే వేళకు నేను మీ హాస్టల్ గేటు బయట బల్ల మీద కూర్చుని ఉంటాను. పక్కన బకెట్లో వేరు తెగకుండా తవ్వి తెచ్చిన ఎర్రగుడ్డ మొక్క ఒకటి ఉంటుంది, మీ మేడంకి చూపించడానికి. కోపం తగ్గాక రా. తగ్గకపోయినా రా, నా ఎదురుగానే కోప్పడు. ప్రయాణంలో మొక్క కొంచెం వాడుతుంది. నీళ్ల సీసా నా చేతిలోనే ఉంటుంది తల్లీ, నువ్వొచ్చి పోయమనేదాకా మూత తియ్యను.

ఇట్లు,
నీ రాక కోసం గేటు వైపే చూస్తున్న
మీ అత్త
ఆదిశేషమ్మ